ఏడు నెమళ్ల సాక్షి

కనకప్ప చెప్పేవి అబద్ధాలని ఎవరైనా అంటే ఒప్పుకోకూడదు. అబద్ధమాడేవాడికి ఎదుటివాడు నమ్మాలని ఆశ ఉంటుంది. కనకప్పకు ఆ ఆశ లేదు. విన్నవాడు పొట్ట పట్టుకొని నవ్వితే చాలు. ఎవడైనా అమాయకుడు నమ్మాడంటే మాత్రం చిన్నబుచ్చుకుంటాడు. "నమ్మినవా? నిన్ను బడికి తోలి మీ నాయన మస్తు నష్టపోయిండు పో," అని ఎగతాళి చేస్తాడు.

రాయచూరు నుంచి తూర్పుగా పోతే, తెలంగాణ పొలిమేర ఇంకా తగలకముందే వస్తుంది ఆ ఊరు. కాలువ నీళ్ల మొహం చూడని ఊరు. కంది, జొన్న, పత్తి. పొద్దుగుంకే వేళ పాల డెయిరీ అరుగు మీదికి జనం క్యాన్లు పట్టుకొని వస్తారు. వెన్న చూసే మిషను సిద్ధమయ్యేదాకా ఎవరికీ ఏమీ తోచదు. ఆ కాస్త సందులో కనకప్ప కథ నడుస్తుంది. కథ నడవాలంటే పక్కన ఊ కొట్టేవాడు ఒకడుండాలి. ఆ పని యమనూరప్పది. ఇద్దరూ ఒక ఈడువాళ్లు. యమనూరప్ప పెళ్లాం యంకవ్వ కనకప్పకు వరసకు చెల్లెలు. అందుకని ఒకడికొకడు బావ. పొలాలు కూడా పక్కపక్కనే, నడుమ ఒక్క గట్టు.

కథలన్నిట్లోకి పేరుమోసింది నెమళ్ల కథ.

"కరువు సంవత్సరం. ఆకాశంల మబ్బు తునక లేదు. గుట్ట మీద నెమిళ్లు తోకలు ముడుచుకొని పింఛనుకొచ్చిన ముసలోళ్ల లెక్క కూసున్నయి. నేనేం జేసిన? ఖాళీ నూనె డ్రమ్ము గుట్ట మీదికెక్కించి దొర్లించిన. గడగడగడ! నెమిళ్లు తల లేపి చూసినయి. ఉరుమనుకున్నయి. అయితే ఉత్త ఉరుముకు నెమిలి ఆడదప్పా, దానికి గూడ బుద్ధుంటది. అందుకే మా బావను తుమ్మచెట్టు ఎక్కించిన. ఒక చేతికి బిందె ఇచ్చిన, ఒక చేతికి జల్లెడ ఇచ్చిన. వీడు జల్లెడల నీళ్లు పోసుడు, నేను డ్రమ్ము దొర్లించుడు. ఇగ వానొచ్చిందని అన్నీ పురి విప్పినయి. పురి విప్పిన నెమిలి గాలికి ఆగుతదా? ఈదురుగాలి రాంగనే గొడుగుల లెక్క తిరగబడ్డయి. పడ్డవి పడ్డట్లే అప్పడాలు ఏరినట్లు ఏరుకున్న. ఏడు!"

"ఊఁ," అంటాడు యమనూరప్ప. "ఆ తుమ్మముళ్లు ఇంక నా పిర్రలల్లనే ఉన్నయి."

"ఏడూ తింటివా మరి?" అని ఎవరో అడుగుతారు.

"యాడ తినేది? మా డ్రమ్ము ఉరుము ఇని అసలు మబ్బు గూడ మోసపాయె. దబదబ వాన! పొయ్యి అంటుకుంటే గద? పచ్చివి తినేటందుకు మేమేమన్న నక్కలమా? ఇడిచిపెట్టినం."

కనకప్ప వేటలన్నీ అట్లాగే ముగుస్తాయి. చిరుత తోక పట్టుకుంటాడు, అది జారిపోతుంది. జింకల మందను తోలుకొస్తాడు, దారిలో ఇంటికి పొమ్మంటాడు. ఊళ్లో అందరికీ తెలిసిన సంగతి ఏమిటంటే, కనకప్ప చేత్తో ఇంతవరకు కోడిపిల్ల కూడా చచ్చింది లేదు. నెత్తురు చూస్తే కళ్లు తిరిగి కింద కూలబడతాడు. జాతరలో పొట్టేలును కొట్టేటప్పుడు అతణ్ని పక్కకు తీసుకుపోయి కూర్చోబెట్టేది కూడా యమనూరప్పే.

కొయ్యడానికి భయం గాని, తినడానికి కాదు. అయితే కోడలు మారెవ్వ ఎల్లమ్మకు మొక్కుకొని ఇంట్లో నీసు మానిపించింది. నాలుక లాగినప్పుడల్లా కనకప్ప గట్టు దాటి యంకవ్వ ఇంటికి పోతాడు. ఆ ఇంటి పంచలో తడికె బుట్ట కింద యమనూరప్ప ఒక కౌజుపిట్టను సాకుతున్నాడు. పొద్దున పొద్దున గొంతెత్తి అరుస్తుంది.

"దీన్నెందుకు సాకుతున్నవ్ బావా, తినవు, అమ్మవు?" అని ఒకసారి కనకప్ప అడిగాడు.

"దీన్ని తీస్కపోయి వేరే కౌజు తిరిగే జాగల పెట్టి అరిపియ్యి. ఆ జాగ పిట్టకు రోషమొస్తది. నా ఇలాకాల నువ్వెవడివిరా అని ఉరికొస్తది. దానికి ముందల ఏమున్నదో కనపడదు," అని యమనూరప్ప నవ్వాడు. "ఉత్తగ తమాషాకు."

ఈ వానాకాలం మొదలైనప్పటి నుంచి యంకవ్వ గుడ్ల పులుసు చేసే తీరు మారింది. ఇదివరకు గుడ్లు ఉడకబెట్టి, పెంకు తీసి, గాట్లు పెట్టి పులుసులో వేసేది. ఇప్పుడు చింతపండు పులుసు మరుగుతుండగానే పచ్చిగుడ్డు నేరుగా అందులోకి పగలగొడుతోంది. తెల్లసొన పూవులా ముడుచుకొని, నడుమ పచ్చసొన బంతిలా నిలబడి, ఒక్కటి పెడితే గిన్నె నిండుతోంది.

"పెంకు తీసే ఓపిక గూడ లేకపాయెనా చెల్లె?" అన్నాడు కనకప్ప, జొన్నరొట్టె ముంచుకుంటూ.

"బాతుగుడ్లన్నా. సింధనూరు దిక్కు ఆంధ్రోళ్ల క్యాంపుల నుంచి తెచ్చిండు మీ బావ. ఉడకబెడితే నీసు కొడ్తయని..."

"ఇంత గుడ్డు పెట్టిందంటే అది బాతు కాదు చెల్లె, బర్రె. పాలు పిండి చూడమను."

యంకవ్వ నవ్వింది. నవ్వి, ఇంకో గుడ్డు వేసింది. కనకప్ప కడుపునిండా తిని, గిన్నె కూడా నాకినంత పనిచేసి, ఆవలిస్తూ ఇంటికి పోయాడు.

ఒక సాయంత్రం డెయిరీ దగ్గర ఫారెస్టు జీపు మాట వచ్చింది. మధ్యాహ్నం చేల గట్ల వెంట తిరిగిందట. నెమళ్లు మాయమవుతున్నాయనీ, హైవే దాబాలలో ఎక్కడో దొరికాయనీ, పోచింగ్ కేసు పెడతారనీ చెప్పుకుంటున్నారు. రాయచూరులో డిగ్రీ చదివే కనకప్ప మనవరాలు సుప్రీత సెలవుకని వచ్చి, పాలక్యాను పట్టుకొని అక్కడే ఉంది.

"పోచింగ్ అంటే ఏందే పిల్లా?" అన్నాడు కనకప్ప.

"దొంగతనంగ వేటాడుడు తాతా." సుప్రీత ఫోన్ తీసి చూసింది. చూసి నవ్వింది. "ఇగో, దీనికే ఇంకా అర్థాలున్నయి. పచ్చిగుడ్డును పెంకు పగలగొట్టి, మరిగే నీళ్లల్ల వేసి వండుడు గూడ పోచింగే అంట."

"వంటకు, దొంగతనానికి ఒక్కటే మాటనా? పాపం, ఇంగ్లీషోళ్లకు మాటల కరువొచ్చినట్లుంది. మరి మా యంకవ్వ పులుసు మీద గూడ కేసు పెడ్తరా?"

అరుగంతా నవ్వింది. పాలు పోయడానికి వచ్చిన యంకవ్వ మాత్రం నవ్వలేదు. క్యాను మూత సరిచేసుకుంది.

"పక్కోళ్ల పనిమనిషిని ఆశ పెట్టి మన దిక్కు గుంజుకుంటే దానికి గూడ ఇదే మాట," అంది సుప్రీత. "బర్రెలు తొక్కి పొలం బురద చేసినా ఇదేనంట."

"ఇగ చాలు తీయ్! ఆ మాట ఒక్కటి నేర్చుకుంటే ఊరంత మీద కేసు పెట్టొచ్చు," అన్నాడు కనకప్ప. యమనూరప్ప ఊ కొట్టలేదు. ఆ రోజు అతను పాలు పోసి తొందరగా వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున జీపు నేరుగా డెయిరీ ముందుకే వచ్చి ఆగింది. దిగిన ఆఫీసరు పేరు బసవలింగప్ప. చేతిలో ప్లాస్టిక్ సంచి. మీగడ రంగు పెంకులు, కొన్ని ఈకలు. వాటిని అరుగు మీద పోశాడు.

"కనకప్ప అంటే ఎవరప్పా?"

"నేనే సార్." కనకప్ప మొహం వెలిగింది. కొత్త మనిషి తనను వెతుక్కుంటూ వచ్చాడంటే కథ కోసమే అనుకున్నాడు పాపం. "ఏది గావాలె? చిరుతదా, నెమిళ్లదా?"

జనం నవ్వారు. ఆఫీసరు నవ్వలేదు.

"నెమళ్లదే అజ్జా," అన్నాడు, తాతను కన్నడంలో పిలుస్తూ. "మీ చేను గట్టు కింద గుంత తవ్వి పూడ్చిపెట్టిన్రు ఇవన్నీ. బాతుగుడ్డు పెంకు అనుకునేరు, కాదు. ఈ మందం చూడండి, ఈ సన్న గుంతలు చూడండి. నెమలిది. గట్టుకు ఈ దిక్కు మీ చేను, ఆ దిక్కు యమనూరప్ప చేను. మీ ఇద్దరిల ఒకరు చేసుండాలి."

బాతుగుడ్డు అన్న మాట కనకప్ప చెవిలో పడగానే పులుసు గిన్నె కళ్లముందు కదిలింది. పెంకు కనపడకుండా పగలగొట్టిన గుడ్డు. బంతిలాంటి పచ్చసొన. తల తిప్పి చూస్తే డెయిరీ గుమ్మం పక్కన యంకవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడి ఉంది.

అయినా కనకప్ప గుండె జారలేదు. బావ ఉన్నాడు కదా. తప్పు చేశాడు, ఏదో ఆశకు పోయి దాబావాడికి అమ్ముకొని ఉంటాడు. అంతమాత్రాన తన మీదికి రానిస్తాడా? తాను కోడిని కూడా కొయ్యలేనని అతనికి కాక ఇంకెవరికి తెలుసు? ఆ ఒక్కమాట చెబితే చాలు. తర్వాత ఆఫీసరు కాళ్లో చేతులో పట్టుకొని ఇద్దరూ కలిసి ఏదో ఒకటి చూసుకోవచ్చు.

"నువ్వు చెప్పు యమనూరప్పా," అన్నాడు ఆఫీసరు.

అరుగు చివర కూర్చున్న యమనూరప్ప లేచి నిలబడ్డాడు. తువ్వాలు భుజం మీది నుంచి తీసి చంకలో పెట్టుకున్నాడు.

"నేనేం చెప్పాలె సార్. కనకప్ప నాకు కావల్సినోడే. కానీ గట్టు దిక్కు సంచి పట్టుకొని పోతుంటే కండ్లార చూసిన."

కావల్సినోడే అన్నాడు. బావ అనలేదు. అరుగు మీద ఎవరో "ఛ, తాతనా?" అన్నారు. కనకప్పకు ముందు నవ్వొచ్చింది. ఇదేదో కొత్త రకం పరాచికం అనుకున్నాడు. యమనూరప్ప మొహంలోకి చూశాడు. అక్కడ పరాచికం లేదు. చెమట ఉంది.

"ఏం మాట్లాడుతున్నవ్ బావా? నేను సంచి పట్టుకొని పోవుడేంది?"

"కథలు చెప్తవ్ గద నువ్వే," అన్నాడు యమనూరప్ప నేల చూస్తూ. తర్వాత ఆఫీసరు వైపు తిరిగాడు. "వీళ్లంత నవ్వుతరు సార్, కానీ ఆ కథల కింద నిజముంది. గుట్ట మీద డబ్బ కొట్టి బెదిరిస్తడు. నెమిళ్లు కిందికి ఉరికొస్తయి. కింద వల పెట్టి ఉంటడు. గట్ల ఒకపారి మూడు పట్టిండు."

"మూడా?" అన్నాడు కనకప్ప.

అనకుండా ఉండవలసింది. కానీ అన్నేళ్లుగా ఒక్క నెమలి కూడా తగ్గకుండా సాకిన కథ అది. దాన్ని ఎవడో వచ్చి రెక్కలు విరిచి, బొచ్చు పీకి అరుగు మీద పడేస్తుంటే ఊరుకోవడం అతని వల్ల కాలేదు.

"మూడు యాడివి? ఏడు! వల యాడిదిరా నీ మొహం! వల పెట్టి పట్టేటందుకు నేనేమన్న దొంగనా? డబ్బ గాదు, డ్రమ్ము. నూనె డ్రమ్ము. కొట్టలే, దొర్లించిన. ఉత్త చేతులతోని పట్టిన సార్, ఏడింటిని, అప్పడాలు ఏరినట్లు!"

ఎవరూ నవ్వలేదు. ఆఫీసరు పెన్ను కదులుతోంది.

"ఉత్త చేతులతో పట్టిన్రు. సరే. రాసుకున్న."

"ఇడిచిపెట్టిన గూడ సార్. వాన వచ్చె, పొయ్యి అంటుకోలే..."

ఆఫీసరు పెన్ను జేబులో పెట్టేశాడు. కనకప్ప యమనూరప్ప వైపు చూశాడు. యమనూరప్ప కళ్లు ఎత్తి ఒక్క క్షణం చూసి మళ్లీ దించుకున్నాడు. ఆ ఒక్క క్షణం చాలింది. ఏడు అన్నది యమనూరప్ప మరచిపోడు. తన పెళ్లి తేదీ మరచిపోయినా నెమళ్ల లెక్క మరచిపోడు. మూడు అని కావాలనే అన్నాడు. వల అని కావాలనే అన్నాడు. పంచలో కౌజుపిట్టను అరిపించి పక్క పిట్టను రప్పించినట్లే, తన కథను తన ముందే తప్పుగా అరిపించాడు. తాను రోషంతో ఉరికి వచ్చి పడ్డాడు.

అంత బాగా తెలుసు తన సంగతి ఇతనికి. అంత తెలిసినవాడు అతనొక్కడే.

"తాతా," సుప్రీత జనాన్ని తోసుకొని ముందుకు వచ్చింది. "నువ్వు చెయ్యలేదని చెప్పు. ఎవరు చేసిండ్రో చెప్పు. సార్, మా తాత కథలు చెప్తడు, అంతే. ఊర్ల ఎవర్నన్న అడగండి."

ఆఫీసరు ఆమె మాట విన్నాడు. కనకప్ప చేతులు చూశాడు, కంటిలో పొర చూశాడు. మూర్ఖుడు కాదు ఆయన. కాస్త దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"అజ్జా, మీరు ఒక్కరే పట్టిన్రంటే నమ్మేటట్లు లేదు. డ్రమ్ము గుట్ట మీద. అది దొర్లిస్తే నెమళ్లు వానని ఎట్ల అనుకుంటయి? నాకు గూడ చెప్పిన్రు ఈ కథ, టీ హోటల్ల. చెట్టు మీద నీళ్లు పోసిందెవరు? ఆ మనిషి పేరు చెప్పండి చాలు. మిగతాది నేను చూసుకుంట."

అరుగంతా ఒక్కసారి యమనూరప్ప వైపు తిరిగింది. పసిపిల్లవాడిని అడిగినా చెబుతాడు చెట్టు మీద ఎవరున్నదీ. యమనూరప్ప మొహం బూడిదలా అయిపోయింది. తాను చెప్పిన సాక్ష్యంలో నుంచి ఆ చెట్టునూ, ఆ బిందెనూ, ఆ జల్లెడనూ తీసేసి, కనకప్పను గుట్ట మీద ఒక్కణ్ని నిలబెట్టాడు కదా. ఇప్పుడు ఆ చెట్టు అతని కోసం వచ్చి నిలబడింది.

కనకప్పకు అన్నిటికంటే మంటగా ఉన్నది అదే. దొంగ అన్నందుకు కాదు. చిరుత తోక పట్టుకున్ననాడు వెనక తన నడుము పట్టుకున్నది ఎవరు? జింకలకు దారి చూపింది ఎవరు? ఏ కథలోనైనా బావను పక్కన పెట్టుకోకుండా ఒక్క అడుగు వేశాడా తాను? ఈ మనిషి ఒక్కపూటలో అన్నిట్లో నుంచీ లేచి, దులుపుకొని వెళ్లిపోయాడు.

పేరు నాలుక చివరికి వచ్చింది. చెబితే తీరిపోతుంది. పంచలో పిట్ట ఉంది, ఇంట్లో ఇంకేమేం ఉన్నాయో. కానీ ఆ పేరు వెనకే మరిగే పులుసులోకి గుడ్లు పగలగొట్టిన చెయ్యి కూడా జీపు ఎక్కాలి. యంకవ్వ గుమ్మం పట్టుకొని నిలబడే ఉంది. ఆమె అయినా ఒక్కమాట అంటుందేమోనని కనకప్ప చూశాడు. చాలాసేపు చూశాడు. ఆమె కొంగు ఇంకా నోటి దగ్గరే ఉంది.

"చెప్పండి అజ్జా. చెట్టు మీద ఎవరు?"

"ఎవరూ లేరు సార్."

"మరి నీళ్లు?"

"నేనే పోసిన."

"గుట్ట మీద డ్రమ్ము మీరే, చెట్టు మీద నీళ్లూ మీరేనా?"

"అవు. నేనొక్కణ్నే పోయిన. ఎప్పుడు పోయినా ఒక్కణ్నే పోయిన."

అరుగు మీద ముసలాళ్లలో ఒకడు "అరె కనకప్పా!" అన్నాడు. సుప్రీత ఏడుపు మొదలుపెట్టింది. ఆఫీసరు "సరే, ఆఫీసుకు రావాలి. అక్కడ పెద్ద సార్ ముందర ఇంకోసారి ఆలోచించుకొని చెప్పండి," అని జీపు తలుపు తీశాడు. సుప్రీత చెప్పులు కూడా వేసుకోకుండా వెనక సీటులో ఎక్కి కూర్చుంది. ఆమెను దిగమనడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

కనకప్ప ఎక్కబోతుండగా యమనూరప్ప గబగబా వచ్చి రెక్క పట్టుకున్నాడు. ఎవరికీ వినబడకుండా, "నన్ను బతికించినవ్ బావా," అన్నాడు. "కథలు చెప్పెటోడివి, నిన్నేం చేస్తరు, ఇడిచిపెడ్తరనుకున్న. నీ కాళ్లు మొక్కుత. ఆ తుమ్మచెట్టు మాట రాంగనే నా పానం పోయిందనుకో."

కనకప్ప రెక్క విడిపించుకున్నాడు.

"నీ పానమెందుకు పోతది యమనూరప్పా? నువ్వు ఆ కథల యాడున్నవని?"

యమనూరప్ప వెనక్కి తగ్గి జనంలో కలిశాడు. జనం కూడా కాస్త జరిగి అతనికి చోటిచ్చారు, కావలసినదానికంటే ఎక్కువే ఇచ్చారు.

డ్రైవరు బండి తిప్పుతుంటే యంకవ్వ ఇంటి దిక్కు నుంచి ఉరుకుతూ వచ్చింది. చేతిలో స్టీలు డబ్బా.

"అన్నా, పొద్దున్నుంచి ఏం తినలేదు గద. దోవల తిను."

కనకప్ప డబ్బా తీసుకున్నాడు. ఆమె చేతి తిండి ఎన్నిసార్లు తిన్నాడో. చీకట్లో పెట్టినా తిన్నాడు, ఏమిటని అడగకుండా తిన్నాడు. ఇప్పుడు డబ్బాను ఒళ్లో పెట్టుకొని, మూత తీసి, లోపలికి వంగి చూశాడు. రెండు వేళ్లతో పై రొట్టె పక్కకు జరిపి, కింద ఏముందో కూడా చూశాడు.

"రొట్టె, పుంటికూర అన్నా," అంది యంకవ్వ. "అంతే ఉన్నది. దేవుని మీద ఒట్టు, అంతే ఉన్నది."

కనకప్ప మూత పెట్టి, డబ్బా ఆమె చేతికి తిరిగిచ్చి, "పోనియ్యప్పా," అన్నాడు డ్రైవరుతో.